ప్రెసిడెంటు గారి బిందె

ఊరంతా వేదిక మీద కూర్చుని, నేనొక్కణ్ణే కింద కూర్చున్న సభ ఒకటి నా జీవితంలో ఉంది. షామియానా కింద వరుసగా వేసిన కుర్చీలన్నీ ఖాళీ. ఎదురుగా బల్లలు కలిపి కట్టిన వేదిక మీద మా కాలనీ మగవాళ్లు ముప్పైమందికి పైగా ఒకరి మోకాలు ఒకరికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నారు. చివరి వరుసలో ఒకాయన కుర్చీ కాలు వేదిక అంచు దాటి గాల్లో ఉంది. ఆయన పక్కవాడి భుజం పట్టుకుని నిభాయించుకుంటున్నాడు తప్ప కిందికి దిగలేదు. మైకు పట్టుకున్నాయన "సభకు విచ్చేసిన సభ్యులందరికీ" అని మొదలుపెట్టి, నావైపు చూసి, "అంటే, సభ్యుడు గారికి" అని దిద్దుకున్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండింది. ఇన్నేళ్ల తర్వాత కూడా తల్చుకుంటే మండుతుంది. ఎందుకో చెబుతాను.

నేను బడిలో చదువుకున్నవాణ్ణి కాను. మా వాళ్లు సముద్రం మీద చేపల వేటకి వెళ్లేవాళ్లు. నేను పడవ వదిలి పోర్టులో ఖలాసీగా చేరాను. ఓడల్లో సరుకు కట్టడం, విప్పడం, తాళ్లు లాగడం నా పని. పెట్టెల మీద అచ్చుగుద్దిన ఇంగ్లీషు అక్షరాలే నాకు పలక. 'దిస్ సైడ్ అప్' అన్నది నేను కూడబలుక్కుని చదివిన మొదటి ఇంగ్లీషు వాక్యం. ఈ వైపు పైకి ఉండాలి అని దాని అర్థమని తెలిసిన రోజున ఎంత గర్వపడ్డానో! తర్వాత పూర్ణా మార్కెట్ దగ్గర పాత పుస్తకాలు అమ్మే బండి మీద అట్ట ఊడిన నిఘంటువు ఒకటి కొన్నాను. భోజనాల విరామంలో గోడౌన్ నీడన కూర్చుని, వరసగా, కథ చదివినట్టు చదివాను.

చదివేకొద్దీ ఒకటి గమనించాను. ఒక మనిషిని ఇంకో మనిషి నెత్తిన కూర్చోబెట్టడానికి ఆ భాషలో ఎన్ని మాటలున్నాయో! సుపీరియర్, సీనియర్, చీఫ్, హెడ్, సుప్రీమ్, మాస్టర్. పోర్టులో ఇవన్నీ నడిచి తిరిగేవి. వాటి మీద నాకు కోపం లేదు. ఓడలో మాస్టర్ అంటే కెప్టెన్. తుపానులో ఓడ మునిగితే అడగాల్సింది అతన్నే. హెడ్ ఖలాసీ అంటే తాడు తెగి ఎవడికైనా దెబ్బ తగిలితే ముందు పరుగెత్తేవాడు. అక్కడ మాటకి ఒక బరువుంది, ఆ బరువు మోసే మెడ ఒకటుంది. నా కోపమంతా మెడ లేకుండా వీధిలో పడి తిరిగే మాటల మీద.

తొంభైల నాటికి ఆ మాటలు జనం నోట్లోకి వచ్చిపడ్డాయి. ఒక కుర్చీ, ఒక అద్దం ఉన్న మంగలి షాపు 'రాయల్'. కుట్టుమిషను ఒక్కటే ఉన్న దర్జీ 'సుప్రీమ్'. మినపట్లు వేసే బండి 'గ్రాండ్'. బస్సుల్లో ఎక్స్‌ప్రెస్, డీలక్స్, సూపర్ డీలక్స్, లగ్జరీ, సూపర్ లగ్జరీ అని మెట్లు కట్టారు. అడుగున మిగిలినదాన్ని ఆర్డినరీ అన్నారు. ఆ మాట తిట్టులా మారిపోయింది. "వాడు చాలా ఆర్డినరీ మనిషి" అంటే మంచివాడనుకునేవాణ్ణి నేను. కాదట. బంధువుల పెళ్లిలో వంకాయ కూర నోట పెట్టుకుని ఒకాయన "మసాలా డామినేట్ చేస్తోంది" అన్నాడు. కూరలో కూడా పెత్తనమే! ఇక బాస్ అన్న మాట సంగతి సరేసరి. యజమానిని ఎవరూ బాస్ అని పిలవరు. బస్సులో అడ్డంగా నిలబడ్డవాణ్ణి జరగమనాలంటే మాత్రం "బాస్, కొంచెం లోపలికి" అంటారు.

ఇలా కోపగించుకుంటూ నేను రిటైరయ్యాను. పెందుర్తి దాటాక కొండ వారన కొత్తగా వేసిన లేఅవుట్‌లో చిన్న ఇల్లు కట్టుకుని నేనూ మా ఆవిడా అక్కడికి చేరాం. కాలనీలో సగం మంది నాలాంటి పోర్టు వాళ్లు. మిగతా సగం గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగాలకి వచ్చి స్థిరపడినవాళ్లు. మంచి మనుషులే. కష్టమల్లా నీళ్లు. కాలనీ మొత్తానికి ఒకటే వీధి కుళాయి. పొద్దున్న వచ్చేది, కాసేపు వచ్చి ఆగిపోయేది.

కుళాయి ఉన్నచోట బిందెల వరుస ఉంటుంది. అది మా వైపు పద్ధతి. మనిషి నిలబడక్కర్లేదు, బిందె నిలబడితే చాలు. తెల్లారకముందే ఆడవాళ్లు వచ్చి ఎవరి బిందె వాళ్లు వరుసలో పెట్టి వెళ్లిపోతారు. ముందొచ్చిన బిందెకి ముందు నీళ్లు. ఆ న్యాయం ఎవరూ రాసి పెట్టలేదు, ఎవరూ తప్పలేదు. మా ఆవిడ వేట ఊళ్లో పుట్టిన మనిషి, కోడి కూయకముందే లేచే అలవాటు. ఆమె బిందె ఎప్పుడూ ముందు వరుసలోనే ఉండేది.

వేసవిలో నీళ్లు సన్నబడ్డాయి. రెండో కుళాయి వేయించుకోవాలి, దానికి సంఘం పెట్టుకోవాలి అన్నారు. మంచిమాటే. స్టీలు ప్లాంటులో పనిచేసే గోదావరి ఆయన ఇంట్లో ఫోను ఉంది. అందుకని ఆయన్ని ప్రెసిడెంటు చేశారు. పోర్టులో నాతో తాళ్లు లాగిన పాత స్నేహితుడొకడున్నాడు, ఈ నేల మీద పుట్టినవాడు, నన్ను బావా అని పిలుస్తాడు. వాణ్ణి వైస్ ప్రెసిడెంటు చేశారు. అక్కడితో ఆగితే ఈ కథ లేదు.

ఇంకొకాయన అలిగితే ఆయన్నీ వైస్ ప్రెసిడెంటు చేశారు. దాంతో మావాడు అలిగి సీనియర్ వైస్ ప్రెసిడెంటు అయ్యాడు. ప్రెసిడెంటు నైట్ షిఫ్టుల్లో ఉంటాడు గనుక పగటికి ఒక వర్కింగ్ ప్రెసిడెంటు కావలసొచ్చాడు. కాలనీలో మొదట ఇల్లు కట్టినాయన ఫౌండర్ ప్రెసిడెంటునన్నాడు. చెవి వినపడని పెద్దాయన్ని ఆనరరీ ప్రెసిడెంటు చేశారు. ఆయనకి ఆ సంగతి చివరిదాకా తెలిసిందో లేదో. జనరల్ సెక్రటరీ, ఆర్గనైజింగ్ సెక్రటరీ, జాయింట్ సెక్రటరీలు, చీఫ్ పేట్రన్, చీఫ్ అడ్వైజరు, అడిషనల్ చీఫ్ అడ్వైజరు. నెల తిరిగేసరికి పదవి లేని ఇల్లు మాదొక్కటే మిగిలింది. సీనియర్ వైస్ ప్రెసిడెంటు స్వయంగా మా అరుగు మీదకి వచ్చాడు.

"బావ, నీకేటి కావాలో సెప్పు. ఇంకో సీఫ్ అడ్వైజరు పోస్టు పెట్టించీసినాను నీకోసం."

"ఎవుడికి అడ్వైజు సెయ్యాలి?"

"ఎవుడికీ అక్కర్నేదు. ఉత్తినే ఉంటాది."

"ఉత్తినే ఉండేదానికి పేరెందుకు? నాను సబ్యుడుగా ఉంటాను."

"సబ్యుడంటే ఏటి బావ, ఉత్తోడు!" అన్నాడు వాడు, నిజంగా జాలిపడి. "మన పోర్టు పరువు తీసెత్తన్నావు. ఆ స్టీలు ప్లాంటోలు నవ్వరేటి?"

"నవ్వనీ. నీల్లొచ్చినాక నవ్వు అదే తగ్గిపోద్ది."

వాడు తల కొట్టుకుంటూ వెళ్లిపోయాడు.

అసలు గొడవ కుళాయి దగ్గర మొదలైంది. ఒక పొద్దున్న ప్రెసిడెంటు గారి బిందె కంటే ముందు ఎవరిదో బిందె ఉంది. అది తప్పెలా అవుతుందో నాకిప్పటికీ అర్థం కాదు, కానీ అయింది. సాయంత్రం కార్యవర్గం కూర్చుంది. ప్లాంటుకి మంత్రులొచ్చినప్పుడు కార్లు ఏ వరుసలో వెళ్లాలో ప్రోటోకాల్ అని ఒకటుంటుందట. ప్రెసిడెంటు అది దగ్గరుండి చూసినవాడు. మర్నాటి నుంచి బిందెలు ప్రోటోకాల్ ప్రకారం పెట్టాలన్నారు. ప్రెసిడెంటు గారిది మొదటిది. సీనియర్ వైస్ ప్రెసిడెంటుది రెండోది. ఎవరికీ అనుమానం రాకుండా ప్రతి బిందె మీదా పదవి రాయించారు. షాపుల బోర్డులు రాసే పెయింటరుని పిలిచి, ప్లాస్టిక్ బిందెలన్నీ రోడ్డు వారన బోర్లించి, ఎర్ర రంగుతో రాయించారు. అడిషనల్ చీఫ్ అడ్వైజరు అనే మాట చిన్న బిందెకి పట్టలేదు. సగం కడుపు మీద, సగం మెడ చుట్టూ తిరిగింది. ఆయన భార్య మర్నాడే బజారుకెళ్లి పదవికి సరిపోయే పెద్ద బిందె కొనుక్కుంది.

పెయింటరు మా ఇంటికి కూడా వచ్చాడు. మా ఆవిడ బిందెని తన వెనక దాచుకుంది.

"ఇది నీల్ల బిందె, నీ పలక కాదు. ఎల్లు బాబు."

అలా రాత లేని బిందె మాదొక్కటే. అది వరుసలో చివరికి వెళ్లింది. చివరి బిందె దాకా వచ్చేసరికి కుళాయి సన్నగా కారి, గుటకేసినట్టు ఒక చప్పుడు చేసి ఆగిపోయేది. మా ఆవిడ ఎంత ముందు లేచినా లాభం లేకపోయింది. ఖాళీ బిందె చంకనేసుకుని రైలు గేటు దాటి, జీడితోటలో ఉన్న నేలబావికి వెళ్లేది. వెళ్లేటప్పుడు పల్లం, నిండు బిందెతో వచ్చేటప్పుడు ఎత్తు. రెండు నెలల్లో ఆమె నడుము పట్టేసింది. నేను తెస్తానంటే బావి మెట్ల మీద నన్ను నమ్మేది కాదు. ఒక కాలు పోర్టులోనే దెబ్బతింది నాది.

ఒక మధ్యాహ్నం మంచం మీద పక్కకి తిరగలేక తిరుగుతూ అడిగింది.

"ఏదో ఒక పేరు పెట్టించుకుంటే ఏటయిపోద్దేటి?"

"నాను పెట్టించుకోను."

"నీ పంతం నీది, ఒప్పుకుంతాను. నా నడుం కూడా నీదేనేటి?"

ఇంగ్లీషు మాటలు ఇన్ని నేర్చుకున్నాను, ఆ పూట తెలుగులో ఒక్కటి దొరకలేదు.

రెండో కుళాయి అర్జీ నీళ్ల ఆఫీసులో బాగానే కదిలింది. ఒకటే అడిగారు: కుళాయి ఎక్కడ వేయాలో సంఘం సర్వసభ్య సమావేశం తీర్మానించి ఇవ్వాలి. దానిదేముంది అనుకున్నారు అందరూ. ప్రెసిడెంటు గారి ఇంటి ముందు వేయాలని కార్యవర్గం ఏకగ్రీవంగా నిర్ణయించింది. అప్పుడు నిబంధనల పుస్తకం తీశారు. మా వాళ్లంతా యూనియన్లలో పెరిగినవాళ్లు. సంఘం పెట్టేటప్పుడు కొత్తగా రాసుకోవడం ఎందుకని, ప్రెసిడెంటు గారి పాత యూనియన్ నిబంధనలు పేరు మార్చి అలాగే దించేశారు. అందులో ఒక మంచి నియమం ఉంది. కార్యవర్గం చేసిన నిర్ణయాన్ని సాధారణ సభ్యులు చేతులెత్తి ఆమోదించాలి. పదవిలో ఉన్నవాళ్లకి అక్కడ చెయ్యెత్తే హక్కు లేదు. నాయకులు తమకి తామే ఆమోదం ఇచ్చుకోకూడదని ఎవరో బుద్ధిమంతులు పెట్టుకున్న నియమం అది.

వేల మంది కార్మికులున్నచోట అది బాగానే ఉంటుంది. మా కాలనీలో సాధారణ సభ్యుణ్ణి నేనొక్కణ్ణే.

అదీ నేను మొదట చెప్పిన సభ. కార్యవర్గం పైన, సర్వసభ్య సమావేశం కింద. నాకొక్కడికే సోడా తెచ్చి ఇచ్చారు. కార్యవర్గం వాళ్లని పలకరిస్తూ స్వాగతం పలకడానికే చాలాసేపు పట్టింది, ఎందుకంటే ఒక్కొక్కరిని పూర్తి పదవితో పిలవాలి. ఆడవాళ్లు పక్కన పిట్టగోడ మీద కూర్చుని చూస్తున్నారు. వాళ్లు సభ్యులు కారు. సభ్యత్వం ఇంటికొకటి, అది మగవాళ్ల పేరు మీద ఉంది. చివరికి ప్రెసిడెంటు లేచాడు.

"బాబాయ్ గారూ, తీర్మానం విన్నారు కదండీ. చెయ్యెత్తెయ్యండి మరి, అందరం భోజనాలకెళ్దాం."

నేను చెయ్యెత్తలేదు.

"విన్నారాండీ?"

"విన్నాను బాబూ. కుళాయి ఎక్కడేసినా నాకు పర్వాలేదు. బిందెలు మాత్రం ఒచ్చిన వరస ప్రకారం పెట్టాలి. పాత కుళాయికీ అంతే, కొత్త కుళాయికీ అంతే. ఆ మాట తీర్మానంలో ఎయ్యండి, సెయ్యెత్తుతాను."

వేదిక మీద అందరూ ప్రెసిడెంటు వైపు తిరిగారు.

"అదేంటండి బాబాయ్ గారూ! అలాగైతే ఇక పదవులెందుకండి?" అన్నాడు ప్రెసిడెంటు. వెటకారంగా కాదు. నిజంగానే అడిగాడు. నాకు ఆ మనిషి మీద అప్పుడు కొంచెం జాలి వేసింది. ప్లాంటులో అతన్ని కొలిమి దగ్గర షిఫ్టంతా ఎవరో ఒకరు ఒరేయ్ అని కేకేసి పిలుస్తూనే ఉంటారట. ఇక్కడ మొదటిసారి గారు అంటున్నారు. ఆ గారు అనే మాట పొద్దున్నే ఒక బిందె రూపంలో వీధిలో అందరికంటే ముందు నిలబడుతుంది. అది వదులుకోమంటున్నాను నేను.

సభ వాయిదా పడింది.

తర్వాత వారం రోజులు మా కాలనీలో జరిగినవి ఇప్పుడు చెబితే కల్పించానంటారు. నన్ను సంఘం నుంచి తీసేద్దామా అని ఒకరోజు ఆలోచించారు. తీసేస్తే సభ్యులే లేని సంఘమవుతుంది, ఆ తీసివేతని ఆమోదించడానికి కూడా సభ్యుడుండడు. ఇంకెవరినైనా సభ్యుడిగా కిందికి దింపుదామనుకున్నారు. ఒకరు దిగితే చాలదు. నేనొకటి, ఆయనొకటి, సమానమైపోతుంది. ఇద్దరు దిగాలి. జాయింట్ సెక్రటరీల్లో ఒకాయన్ని బతిమాలారు. ఆయన శుభలేఖ తెచ్చి చూపించాడు. కొడుకు పెళ్లి శుభలేఖలో తన పేరు కింద 'కాలనీ సంక్షేమ సంఘం జాయింట్ సెక్రటరీ' అని వేయించాడు. పంచడం కూడా అయిపోయింది. "పెళ్లికొచ్చినోళ్లకి ఏమని చెప్పుకోనండి?" అన్నాడు. అడిషనల్ చీఫ్ అడ్వైజరుని అడగబోతే ఆయన కొత్త బిందె చూపించాడు.

చివరికి మా సీనియర్ వైస్ ప్రెసిడెంటు మళ్లీ అరుగెక్కాడు. ఈసారి మొహం వెలిగిపోతోంది.

"బావ, సెటిలైపోయింది. నువ్వు సబ్యుడుగానే ఉంటావు. పేరు మాత్రం సుప్రీమ్ మెంబర్! బిందెల్లో నీది మూడో నెంబరు. సెయ్యెత్తీసి ఒగ్గెయ్."

"సుప్రీమ్ అంటే ఏటో తెల్సా నీకు?"

"అందరికంటే పైన కదేటి?"

"అందరికంటే పైనున్నోడిది మూడో బిందె ఏటి మరి?"

"ప్రెసిడెంటుకి కష్టం కదా బావ. నాకూ కష్టమే," అన్నాడు.

లోపలి నుంచి మా ఆవిడ వింటోంది. గుమ్మం పట్టుకుని నిలబడి, "మూడో బిందె అంతన్నాడు కదా తమ్ముడు," అంది మెల్లిగా. ఆ మాట నన్ను కోసేసింది. మూడో బిందె అంటే ఆమె రైలు గేటు దాటక్కర్లేదు. నేను తలూపితే ఆ పూటతో అయిపోతుంది. కానీ నా బదులు చివరి బిందె ఇంకొకరిదవుతుంది. ఇంకొక ఇంటి ఆడమనిషి బావికి నడుస్తుంది. అది చెప్పాను. ఆమె నడుము పట్టుకుని గుమ్మంలోనే కూర్చుంది. తర్వాత, "అయితే బేగి తేల్చెయ్. నాను ఎన్నాళ్లో నడవనేను," అంది.

ఆ వారంలోనే ఇంకొకటి కూడా జరిగింది. తీర్మానం లేక రెండో కుళాయి ఆగిపోయింది, ఎండలు ముదిరాయి, వరుసలో చివరి పది బిందెలకి నీళ్లందడం మానేశాయి. అడిషనల్ చీఫ్ అడ్వైజరు భార్య కూడా జీడితోట బావికి రావడం మొదలుపెట్టింది, పదవి రాసున్న బిందెతోనే. నా చెయ్యి కిందే ఉన్నన్నాళ్లూ ఏ తప్పూ చేయని వాళ్లు నడుస్తున్నారు. నేను పంతం మీద ఉన్నానా, న్యాయం మీద ఉన్నానా అని నాకే సందేహం వచ్చింది. వచ్చే సభలో వాళ్లు ఒప్పుకోకపోతే చెయ్యెత్తేయాలి, మా ఆవిణ్ణి తీసుకుని ఈ కాలనీ వదిలి మళ్లీ మా వాళ్ల దగ్గరికి సముద్రం ఒడ్డుకి పోవాలి అని మనసులో నిశ్చయించుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

రెండో సభ సాయంత్రం పూట పెట్టారు. అదే వేదిక, అదే ఇరుకు. నాకు మళ్లీ సోడా. ప్రెసిడెంటు తీర్మానం చదివి, గొంతు తగ్గించి బతిమాలాడు.

"బాబాయ్ గారూ, మీరు పెద్దవారు. ఆడవాళ్లు ఇబ్బంది పడుతున్నారండి. ఆ బిందెల సంగతి తర్వాత చూసుకుందామండి. మొదటి బిందె అనేది ప్రెసిడెంటు హోదాకి సంబంధించింది. నా ఒక్కడి కోసం అడగట్లేదు, రేపు నా తర్వాత వచ్చే ప్రెసిడెంటు కోసం..."

"ఏవండీ," అని పిట్టగోడ మీద నుంచి వినిపించింది. ప్రెసిడెంటు గారి భార్య. ఎప్పుడూ గొంతెత్తి ఎరుగని మనిషి. "ఆ తర్వాత వచ్చే ప్రెసిడెంటు సంగతి దేవుడెరుగు. మన బిందె మాత్రం ఇంక ముందు పెట్టకండి బాబూ."

"నువ్వాగు," అన్నాడాయన మైకులో. అది కాలనీ అంతా వినిపించింది.

"ఆగను. రాత్రంతా గొట్టంలో నిలవున్న తుప్పంతా మొదటి బిందెలోనే పడుతుందండి. ఎర్రగా, టీ డికాషన్ లాగా. మూడు నెలల నుంచి ఆ నీళ్లే మీ పాత పంచెలో వడకట్టి మీకు తాగిస్తున్నాను. మీ తెల్ల చొక్కాలు ఎందుకు గోధుమరంగుకి తిరిగాయనుకున్నారు? సబ్బు మంచిది కాదని మూడు రకాలు మార్పించారు కదా!"

ఆడవాళ్లలో ఒకరెవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ప్రెసిడెంటు చూపు తన చొక్కా మీదకి వెళ్లింది. వేదిక మీద ఉన్నవాళ్లందరి చూపూ అక్కడికే వెళ్లింది.

"పారబోయొచ్చు కదమ్మా?" అన్నారెవరో.

"ప్రెసిడెంటు గారి బిందె పారబోస్తే ఏం బాగుంటుందండీ, అందరూ చూస్తుండగా? నీళ్లకి ఇంత కరువుండగా ఆ ఇంటి మనిషే పారబోసిందంటారు. పైగా ఒక్కొక్కరికి ఒకసారే కదా పట్టుకోనిచ్చేది."

నేను మావాడి వైపు తిరిగాను. వాడు వేదిక మీద నేలచూపులు చూస్తున్నాడు.

"ఏరా, రెండో బిందె నీదే కదా. నీదీ ఎరుపేనేటి?"

"కొంచెం ఎరుపే బావ," అన్నాడు. "దానంత కాదు."

"మరి సెప్పలేదేటి ఇన్నాళ్లు?"

"రెండో నెంబరు కదేటి బావ. ఎలగ సెప్తాను?"

అప్పుడు ఒక్కొక్కటే బయటపడింది. ఫౌండర్ ప్రెసిడెంటు గారికి పలచటి పసుపుపచ్చ రంగు నీళ్లు. వర్కింగ్ ప్రెసిడెంటు గారిది ఆ తర్వాతి బిందె, అడుగున ఇసుక. తేటగా, మెరుస్తూ ఉండే నీళ్లు పదో బిందె దగ్గర మొదలయ్యేవట. అవి జాయింట్ సెక్రటరీలవి. కొడుకు పెళ్లి పెట్టుకున్నాయన ఆ శుభలేఖ ఎందుకు పట్టుకుని వేలాడాడో నాకప్పుడు ఇంకాస్త అర్థమైంది. ఇంత మంది మగవాళ్లు, ఇన్ని నెలలు, పొద్దున్నే తుప్పు నీళ్లు తాగి, ఒకరి ముందు ఒకరు మూతి తుడుచుకుని, ఒక్క మాట ఎత్తలేదు. ఎందుకంటే ముందున్నామన్న పేరు ఉంది. నవ్వాలో తిట్టాలో తెలియక నేను సోడా తాగాను.

ప్రెసిడెంటు మైకు పట్టుకుని భార్య వైపు చూశాడు. ఆమె తల దించలేదు.

"సరేనండి," అన్నాడు. "వచ్చిన వరస ప్రకారం అని రాసుకోండి."

"రెండు కుళాయిలకీ," అన్నాను నేను.

"రెండు కుళాయిలకీనండి బాబూ, రెండింటికీ. ఇంక ఎత్తండి."

చెయ్యెత్తాను. వేదిక మీద అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి చివరి వరుసలో కుర్చీ ఒకటి వెనక్కి ఒరిగి, మా అడిషనల్ చీఫ్ అడ్వైజరు గారు కిందికి వచ్చారు. దెబ్బ తగల్లేదు. వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నారు, పైకి మళ్లీ వెళ్లలేదు.

తెల్లారి మా ఆవిడ లేచి, నడుముకి గుడ్డ బిగించి కట్టుకుని, బిందె తీసుకుని వెళ్లింది. నేను అరుగు మీద కూర్చున్నాను. ఆమె జీడితోట దాకా వెళ్లి రావడానికి పట్టే సమయం నా ఒంటికి అలవాటైపోయింది. టీ పెట్టుకుందామని లేచాను. పాలు పొంగక ముందే గేటు చప్పుడయింది. నీళ్లు దొరక్క మధ్యలోనే తిరిగొచ్చేసిందనుకున్నాను.

"ఏటి, ఒచ్చీసినావు? నేదా?"

ఆమె నెత్తి మీద నుంచి బిందె దింపి గట్టు మీద పెట్టింది. అంచు దాకా నిండి ఉంది, కొంచెం తొణికి ఆమె భుజం తడిపింది. చూస్తే తేటగా ఉంది, అడుగు కనిపిస్తోంది.

"అక్కడ ఎవులూ ముందు పెట్టనేదు," అంది. "నువ్వు ముందెట్టు అంటే నువ్వు ముందెట్టు అనుకుంతన్నారు. నానే పెట్టీసి, ఎర్ర నీల్లు కాసేపు కాలవలోకి ఒగ్గీసి పట్టీసినాను. రెండు సెంబులు పోతే పోయినాయి." ఖాళీగా ఉన్న రెండో బిందె అందుకుంది. "జరుగు, మళ్లీ ఎల్లి వరసలో పెట్టాలి. ఇంకా ఒస్తన్నాయి."